ట్యాంకుల ఓడల్లో లారీలు: యుద్ధం మిగిల్చిన బండ్లు ఎటు పోయాయి?

రెండో ప్రపంచ యుద్ధం గురించి ఎన్ని సినిమాలొచ్చినా, ఎన్ని వీడియోలొచ్చినా, అన్నీ 1945లో సంతకాలు పెట్టే సీనుతో అయిపోతాయి. ఆ మర్నాడు సంగతేంటి? సైనికులు ఇళ్లకు పోయారు సరే, వాళ్ల వెనకాల ఐరోపాలో, ఆఫ్రికాలో, బర్మాలో, పసిఫిక్ దీవుల్లో వరసలుగా ఆగిపోయిన లారీలు, జీపులు ఏమయ్యాయి? ఒక్క అమెరికానే జీఎంసీ రెండున్నర టన్నుల లారీలు 5 లక్షలకు పైగా, జీపులు 6 లక్షలకు పైగా తయారు చేసింది. చిన్న దేశమనుకునే కెనడా కూడా అన్ని రకాలూ కలిపి 8 లక్షలకు పైగా సైనిక వాహనాలు దింపింది. ఇందులో సగం యుద్ధంలోనే తుక్కయిందనుకున్నా మిగిలినవి తక్కువేం కాదు.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఈ బండ్లలో ఎక్కువ భాగం ఇంటికి రాలేదు, రానివ్వలేదు కూడా.

ఎందుకంటే లెక్క కుదరదు. సముద్రం అవతల ఉన్న వాడేసిన లారీని రేవు దాకా తోలాలి, క్రేన్‌తో ఎత్తాలి, ఓడలో నెలరోజులు మొయ్యాలి, మళ్లీ ఎత్తి దించాలి, ఆ తర్వాత రిపేరు చేయించాలి. ఇంతా చేసి అమ్మితే వచ్చేది ఆ ఖర్చులకే చాలదు. పైగా యుద్ధం అయిపోగానే అమెరికా కార్ల కంపెనీలు మళ్లీ మామూలు జనానికి బండ్లు అమ్ముకోవాలని కాచుకుని ఉన్నాయి. ఆ టైంలో లక్షల సెకండ్‌హ్యాండ్ లారీలు చవగ్గా మార్కెట్లోకి వచ్చి పడితే వాళ్ల గతేం కావాలి? అందుకే విదేశాల్లో మిగిలిన సామాను అక్కడికక్కడే అమ్మెయ్యడానికి ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టారు, అలా అమ్మినవి తిరిగి అమెరికాలోకి రాకుండా ఆంక్షలూ పెట్టారు. కొన్న దేశాల దగ్గర డాలర్లు లేకపోతే వాళ్ల కరెన్సీలోనే తీసుకున్నారు. అలా జమైన సొమ్ముతో విద్యార్థుల్ని, అధ్యాపకుల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపుదామని సెనేటర్ ఫుల్‌బ్రైట్ తెచ్చిన బిల్లు 1946 ఆగస్టులో చట్టమైంది. మన తెలుగు పిల్లలు ఇప్పటికీ అప్లై చేసే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్‌కి మూలం ఇదే, అంటే మిగిలిపోయిన జీపులు, లారీలు, డేరాలు అమ్మగా వచ్చిన డబ్బు.

అమ్ముడుపోకపోతే? పసిఫిక్‌లో ఇప్పటి వనువాటు దేశంలో ఎస్పిరిటు సాంటో అని ఒక దీవి ఉంది. అమెరికా సైన్యం అక్కడి సామానంతా తక్కువ ధరకు ఇస్తామంటే, ఆ దీవిని కలిసి పాలిస్తున్న బ్రిటిష్, ఫ్రెంచ్ అధికారులు బేరానికి రాలేదు. ఎలాగూ వదిలేసి పోతారు కదా, ఊరికే వచ్చేదానికి డబ్బెందుకు దండగ అనుకున్నట్టున్నారు. అమెరికన్లకు ఒళ్లు మండి లారీలు, జీపులు, బుల్‌డోజర్లు అన్నీ సముద్రంలోకి తోసేశారు. ఆ చోటుని ఇప్పుడు మిలియన్ డాలర్ పాయింట్ అంటారు. డైవింగ్ చేసేవాళ్లు నీళ్లలో దిగి ఆ టైర్లూ చాసిస్‌లూ చూసి వస్తుంటారు.

ఇక దూరం తక్కువైన చోట కథ వేరు. ఇంగ్లండ్‌కీ ఐరోపా ఖండానికీ మధ్య ఉన్నది ఇరుకైన సముద్రమే. అక్కడ బండ్లను అటూ ఇటూ చేరవేయడం గిట్టుబాటయ్యే పనే, కాకపోతే ఒక్క షరతు: క్రేన్ అవసరం ఉండకూడదు. ఆ షరతు తీర్చే ఓడలు అప్పటికే వందల్లో ఉన్నాయి, అవి కూడా యుద్ధం మిగిల్చినవే. వాటి పేరు ల్యాండింగ్ షిప్ ట్యాంక్, పొట్టిగా ఎల్ఎస్‌టీ.

ఇది ఎలాంటి ఓడో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయమంతా దీని నిర్మాణంలోనే ఉంది. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ బండ్లన్నీ ఒడ్డునే వదిలేయాల్సి వచ్చింది. మళ్లీ ఐరోపాలో అడుగు పెట్టాలంటే రేవు లేని చోట, ఇసుక మీదే ట్యాంకులు దింపగలగాలి. మొదట వెనిజులాలో మరకైబో సరస్సు దగ్గర తిరగడానికి కట్టిన, తక్కువ లోతు నీళ్లు చాలే మూడు చమురు ఓడలు తెచ్చి, ముక్కు భాగం కోసి తలుపు పెట్టి చూశారు. ఐడియా పనిచేసింది. కానీ చిక్కు ఇంకోటి ఉంది. అట్లాంటిక్ లాంటి సముద్రం దాటాలంటే ఓడ నీళ్లలో లోతుగా దిగి ఉండాలి, లేకపోతే అలలకు కుదురుగా ఉండదు. ఒడ్డు మీదికి ఎక్కాలంటే మాత్రం అదే ఓడ పైకి తేలి ఉండాలి. రెండూ ఒకే ఓడకి ఎలా కుదురుతాయి?

1941 నవంబరులో అమెరికా నౌకాదళంలో జాన్ నీడర్‌మయర్ అనే డిజైనర్ దీనికి విరుగుడు గీశాడు. సబ్‌మెరైన్‌లో ఉన్నట్టే పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకులు ఓడ అడుగున పెట్టాడు. సముద్రంలో ఉన్నప్పుడు నీళ్లు నింపు, దిగి ఉంటుంది. తీరం దగ్గరకొచ్చాక పంపులతో తోడెయ్యి, తేలుతుంది. అడుగు భాగం ముందు నుంచి వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి ముక్కు ఇసుకకు ఆనినా వెనక ప్రొపెల్లర్లు నీళ్లలోనే ఉంటాయి. ఒడ్డుకు వస్తూ వస్తూ వెనకనుంచి ఒక లంగరు నీళ్లలో పడేస్తారు, పని అయ్యాక ఆ గొలుసుని విన్చితో చుట్టుకుంటూ ఓడని వెనక్కి లాక్కుంటారు. ఇలాంటివి అమెరికా 1,051 కట్టింది, అందులో చాలావరకు సముద్రం మొహం చూడని ఊళ్లలో. ఇండియానాలో ఎవాన్స్‌విల్, ఇల్లినాయ్‌లో సెనెకా లాంటి నదీతీర ఊళ్లలో కట్టి, మిసిసిపి మీదుగా కిందికి పంపేవారు. ఇంజన్లు రైలింజన్లకు వాడే రకం డీజిల్‌వే. వేగం మాత్రం అడక్కండి, పది పన్నెండు నాట్లు, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు అటూ ఇటుగా. సిబ్బందే దీన్ని ఎగతాళిగా "లార్జ్ స్లో టార్గెట్" అనుకునేవాళ్లు.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ ఓడ లోపలి సంగతి చెప్పడం తేలిక. నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకి తెలుసు: పలక దించుతారు, కార్లు, ఆటోలు, బైకులు వాటంతటవే ఎక్కుతాయి, అవతలి ఒడ్డున వాటంతటవే దిగిపోతాయి. ఎల్ఎస్‌టీ పని కూడా అంతే, కాకపోతే 328 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, పైన కప్పు, ఆ కప్పు మీద ఇంకో వరస బండ్లు.

లోపలికి ఒక లారీని ఎలా ఎక్కిస్తారో చూడండి. తలుపులు ముందువైపే ఉన్నాయి, వెనక దారి లేదు. కాబట్టి లారీని రివర్స్‌లో ఎక్కించాలి. యుద్ధంలో దీనికి కారణం, శత్రువు ఉన్న ఒడ్డున దిగేటప్పుడు డ్రైవరు వెనక్కి చూసుకుంటూ కూర్చోకుండా నేరుగా ముందుకు దూసుకుపోవాలి. శాంతి వచ్చాకా అదే పద్ధతి. డ్రైవరు తల బయటకు పెట్టి వెనక్కి వస్తుంటే ఒకడు డెక్ మీద నిలబడి చేతులతో సైగలు చేస్తూ, పక్క బండికి జానెడు దూరంలో ఆపిస్తాడు. ఆగగానే హ్యాండ్‌బ్రేక్, గేరు, చక్రాల కింద చెక్క దిమ్మెలు. తర్వాత చాసిస్‌కి గొలుసులు తగిలించి, డెక్‌లో బిగించిన కొక్కేలకు వేసి, మర తిప్పుతూ బిగిస్తారు. ఈ బిగింపు సరిగ్గా లేకపోతే గాలివానలో ఒక లారీ తెగి పక్కదాన్ని గుద్దుతుంది, అది ఇంకోదాన్ని. మూసిన హాల్లో అన్ని ఇంజన్లు ఒకేసారి స్టార్ట్ చేస్తే పొగకు మనుషులు పడిపోతారు కాబట్టి పైకప్పులో పెద్ద ఫ్యాన్లు. బండ్ల ట్యాంకుల్లో పెట్రోలు ఉంటుంది, అందుకని బీడీ సిగరెట్ల మాటే ఎత్తకూడదు. స్టార్ట్ కాని బండి ఉంటే ఇంకో బండితో లాగించి ఎక్కించడమే. ఎన్ని చెప్పినా, క్రేన్‌తో ఒక్కో లారీకి నాలుగు చక్రాల కింద స్లింగు వేసి గాల్లో ఊపుతూ దించే పనితో పోలిస్తే ఇది ఏ మూలకి!

ఇక్కడే ఫ్రాంక్ బస్టర్డ్ అనే ఆయన వస్తాడు. ఈయన వైట్ స్టార్ లైన్‌లో ప్రయాణికుల విభాగం చూసిన మనిషి. వైట్ స్టార్ అంటే టైటానిక్ కంపెనీ. 1934లో ఆ కంపెనీ కునార్డ్‌లో కలిసిపోయింది. బస్టర్డ్ అదే ఏడాది సొంతంగా అట్లాంటిక్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని పెట్టాడు. ప్లాను ఏంటంటే అమెరికాకి చవక టికెట్లతో ఓడలు నడపడం, ఇవాళ్టి బడ్జెట్ ఎయిర్‌లైన్స్ లాగా. ఓడలు దొరకలేదు, ఇంతలో యుద్ధం వచ్చింది. కంపెనీ కాగితాల మీదే ఉండిపోయింది. (తర్వాత కూడా ఈ అట్లాంటిక్ కంపెనీ అట్లాంటిక్ దాటి సర్వీసు నడిపిన పాపాన పోలేదు.)

యుద్ధంలో ఎల్ఎస్‌టీలు చేసే పని చూశాక ఆయనకి వెలిగింది: ఈ ఓడలతో ట్యాంకులు దింపగలిగితే మామూలు సరుకు లారీలు ఎందుకు దింపకూడదు? 1946లో ప్రభుత్వం దగ్గర మూడు ఎల్ఎస్‌టీలు అద్దెకు తీసుకున్నాడు. ఇవి అమెరికావి కాదు, యుద్ధం చివర్లో బ్రిటన్, కెనడా కట్టిన మూడో రకం. ఆవిరి ఇంజన్లతో నడుస్తాయి, కొంచెం పెద్దవి, కొంచెం వేగం ఎక్కువ. నంబర్లే తప్ప పేర్లు లేని వాటికి ఎంపైర్ బాల్టిక్, ఎంపైర్ సెడ్రిక్, ఎంపైర్ సెల్టిక్ అని పేర్లు పెట్టారు. ఎంపైర్ అనేది అప్పట్లో బ్రిటిష్ ప్రభుత్వ ఓడలకు పెట్టే ఇంటిపేరు. మిగతావి మాత్రం బస్టర్డ్ పాత కంపెనీ గుర్తులు, బాల్టిక్, సెడ్రిక్, సెల్టిక్ మూడూ వైట్ స్టార్ వారి పెద్ద ప్రయాణికుల ఓడల పేర్లే. రాజభోగాల ఓడల పేర్లు తీసుకెళ్లి ఈ ఇనప డబ్బాలకు పెట్టడంలో ఆయన హాస్యమో అభిమానమో మరి!

1946 సెప్టెంబరు 11న ఎంపైర్ బాల్టిక్ లండన్ దగ్గరి టిల్బరీ నుంచి రోటర్‌డామ్‌కి బయల్దేరింది. అందులో 64 వాహనాలు, అన్నీ డచ్ ప్రభుత్వం కోసం. గమనించండి, మొదటి లోడు ఇంటికి వచ్చింది కాదు, బయటికి పోయింది. జర్మన్ ఆక్రమణలో నెదర్లాండ్స్‌లో ఉన్న బండ్లన్నీ ఊడ్చుకుపోయారు కాబట్టి అక్కడ లారీ అంటే బంగారం. ఆ తర్వాత అసలు పని మొదలైంది. ఓడిపోయిన జర్మనీలో బ్రిటిష్ సైన్యం మకాం వేసి ఉంది, దాని వాహనాలు వేలకొద్దీ టిల్బరీ–హాంబర్గ్ మధ్య ఈ ఓడల్లో తిరిగాయి. సైన్యమే ఖాతాదారు కాబట్టి ఓడ ఖాళీగా పోతుందన్న బెంగ లేదు. కొత్త వ్యాపారానికి ఇంతకంటే మంచి ఊతం ఏముంటుంది?

కానీ సైన్యం ఎల్లకాలం ఉండదు కదా. 1948 మేలో ఎంపైర్ సెడ్రిక్ ఇంగ్లండ్ పడమటి తీరంలోని ప్రెస్టన్ నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని లార్న్‌కి మొదటి ట్రిప్పు వేసింది. ఈసారి మిలటరీ కాదు, మామూలు వ్యాపారుల లారీలు, ట్రైలర్లు. నా లెక్కలో చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే, 1944లో మిత్రసైన్యాలు దిగిన ఫ్రాన్స్ తీరం నార్మండీలో కాదు. అంతకుముందు సరుకు ఫ్యాక్టరీలో లారీ ఎక్కి, రేవులో దిగి, ఓడలోకి మూటమూటగా చేరి, అవతల మళ్లీ దిగి, ఇంకో లారీ ఎక్కేది. ప్రతి మెట్టులో కూలి, ప్రతి మెట్టులో పగుళ్లు, దొంగతనాలు. ఇప్పుడు లారీ తాళం వేసి ఎక్కితే అవతలి ఊళ్లో గోడౌన్ ముందే తాళం తీస్తారు. ఇంకో కిటుకు ఏంటంటే, లారీ ముందు భాగం, డ్రైవరు రానక్కర్లేదు. ట్రైలరు ఒక్కటే ఓడలో వదిలేసి, అవతల ఇంకో ఇంజన్ తగిలించుకుని లాక్కుపోవచ్చు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి, వ్యాపారానికి ఎల్ఎస్‌టీ మంచి ఓడ కాదు. బల్లపరుపు అడుగు, మొద్దు ముక్కు, అలలు కొంచెం లేస్తే చాలు పక్కలకు తెగ ఊగుతుంది. ఎదురు అల వస్తే ఆ చదును మూతి దబ్బున కొట్టుకుంటుంది. ఉన్న సైజుకి మోసే బరువు తక్కువ, తినే ఇంధనం ఎక్కువ. ఇసుక మీద ఎక్కడం యుద్ధంలో గొప్పగా ఉంటుంది గానీ రోజూ చేస్తే అడుగు అరిగిపోతుంది, కాబట్టి కాంక్రీటు వాలు గట్లో, నీటి మట్టంతో పాటు పైకీ కిందికీ కదిలే వంతెనలో కట్టుకోవాలి. మరి ఎలా నిలబడింది? ఓడ చవగ్గా వచ్చింది, అంతే. కొత్తగా కట్టించాలంటే ఏ బ్యాంకూ అప్పివ్వని ఆలోచనని మిగులు ఓడ మీద పరీక్షించి చూడగలిగారు. మామూలు ఓడ సముద్రం మీద ఆదా చేసే టైమంతా రేవులో పోగొట్టుకుంటుంది, ఎల్ఎస్‌టీ సముద్రం మీద పోగొట్టుకున్నదాన్ని రేవులో రాబట్టుకుంటుంది. తక్కువ దూరాల్లో గెలుపు రెండోదానిదే. దూరం పెరిగేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది, అందుకే ఇవి ఏడెన్ దాకానో బొంబాయి దాకానో లారీల వ్యాపారం చేయలేదు.

1954లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1956లో ఈజిప్టులో సూయజ్ కాలువ గొడవ రాగానే ఈ ఓడల్ని మళ్లీ సైన్యం లాక్కుంది, పాత వృత్తికి పోయి ట్యాంకులు మోశాయి. ఆ మరుసటి ఏడాది, 1957లో, స్కాట్లండ్‌లో డెన్నీ యార్డు కట్టిన బార్డిక్ ఫెర్రీ వచ్చింది. ఎల్ఎస్‌టీ నుంచి నేర్చుకున్నదంతా అందులో ఉంది, ఎల్ఎస్‌టీ జబ్బులు లేవు. ఇప్పుడు లోకమంతా రోరో (రోల్ ఆన్, రోల్ ఆఫ్, అంటే బండ్లు వాటంతటవే ఎక్కి దిగేవి) అంటున్న ఫెర్రీలకు ఇది తాతల్లో ఒకటి.

ఈ వంశంలో ఒక చెడ్డ వారసత్వం కూడా ఉంది, అది చెప్పకపోతే వ్యాసం సగమే. బండ్లు అటూ ఇటూ తిరగాలంటే డెక్‌కి అడ్డగోడలు ఉండకూడదు. మామూలు ఓడలో ఒక గది మునిగితే పక్క గది కాపాడుతుంది, ఇక్కడ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే హాలు. అందులోకి నీళ్లు చేరితే, లోతు ఎక్కువేం అక్కర్లేదు, ఓడ కాస్త ఒరగగానే ఆ నీరంతా ఆ పక్కకే పరుగెడుతుంది, దాంతో ఇంకా ఒరుగుతుంది, ఇంకా నీరు చేరుతుంది. నిమిషాల్లో పని అయిపోతుంది. 1953 జనవరిలో స్కాట్లండ్‌లోని స్ట్రాన్‌రార్ నుంచి లార్న్ వెళ్తున్న ప్రిన్సెస్ విక్టోరియా అనే ఫెర్రీ తుపానులో వెనక తలుపులు దెబ్బతిని మునిగింది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గా రేవు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముక్కు తలుపులు మూయకుండానే బయల్దేరి రేవు దాటీ దాటగానే పక్కకు పడిపోయింది, 193 మంది పోయారు. ఆ ఓడ టౌన్‌సెండ్ తోరెసెన్ పేరుతో నడిచేది, ఆ పేరు వెనక ఉన్న యూరోపియన్ ఫెర్రీస్ సంస్థే 1971లో బస్టర్డ్ పెట్టిన కంపెనీని కొనుక్కుంది. 1994లో బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా అనే ఫెర్రీ ముక్కు మూత ఊడిపోయి 852 మంది చనిపోయారు. యుద్ధకాలపు ఎల్ఎస్‌టీలో ముక్కు తలుపులు అలల దెబ్బ ఆపడానికే, నీళ్లు రాకుండా ఆపే పని వాటి వెనక నిలబడే ర్యాంపుది. అంటే లోపల రెండో అడ్డం ఉండాలన్న సంగతి 1942 నాటికే తెలుసు. తలుపు మూసిందో లేదో కెప్టెన్‌కి బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీదే కనిపించే దీపాలు తప్పనిసరి చేయడానికి మాత్రం హెరాల్డ్ దాకా ఆగాల్సి వచ్చింది. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడని విషయం.

మన దేశం సంగతి? మిగులు సామాను ఇక్కడా గుట్టలుగా ఉంది, అస్సాం నుంచి లెడో రోడ్డు మీదుగా చైనాకి సరఫరాలు నడిపిన అమెరికన్ సైన్యం సామానుతో సహా. దాని లెక్కలు 1946లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని తేల్చుకున్నాయి. ప్రభుత్వ మిగులు సరుకు అమ్మే పని చూసిన కేంద్ర సంస్థ పేరులో చాలా ఏళ్లు సప్లైస్‌తో పాటు డిస్పోజల్స్ అనే మాట ఉండేది, 2017లో దాన్ని మూసేశారు. ఇక ఓడ విషయానికొస్తే, బస్టర్డ్ వాడిన రకంలోనే ఒకటి, బ్రిటిష్ నౌకాదళంలో అవెంజర్ అనే ఎల్ఎస్‌టీ, 1949లో మనకొచ్చి ఐఎన్‌ఎస్ మగర్ అయింది. అది పోయాక అదే పేరుతో కొత్తది కట్టుకున్నాం, 1987లో చేరింది. దాని జోడు ఐఎన్‌ఎస్ ఘరియాల్‌ని మన విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టారు. కొత్త మగర్ 2020 మేలో, కరోనా లాక్‌డౌన్‌లో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లని కొచ్చికి తీసుకొచ్చి, 2023 మేలో రిటైరైంది.

అసలు పాత కాలపు ఎల్ఎస్‌టీ చూడాలంటే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి అవకాశం ఉంది. ఎల్ఎస్‌టీ-325ని 1964లో గ్రీసుకి ఇచ్చారు. దాని పని అయిపోయాక, 2000 చివర్లో ముసలి మాజీ సైనికులు కొందరు అక్కడికి పోయి, తామే నడుపుకుంటూ అట్లాంటిక్ దాటించి 2001 జనవరిలో ఇంటికి తెచ్చారు. ఇప్పుడది ఎవాన్స్‌విల్‌లో మ్యూజియం, లోపలికి దిగి ట్యాంక్ డెక్ అంతా తిరగొచ్చు. మ్యూజియం కాకుండా పనిచేసిన ఓడే కావాలంటే కనెక్టికట్ న్యూ లండన్ రేవు సంగతి కనుక్కోండి. నార్మండీలో పాల్గొన్న ఎల్ఎస్‌టీ-510ని మార్చి కేప్ హెన్లోపెన్ అని పేరు పెట్టారు, అక్కడి నుంచి లాంగ్ ఐలాండ్‌లోని ఓరియెంట్ పాయింట్‌కి కార్లు, లారీలు ఎక్కించుకుని దశాబ్దాలుగా తిరిగింది.